ఇనుము చల్లారేదాకా

ఇల్లు వెచ్చగా ఉన్నంతకాలం బాయిలర్ మనిషి ఊసు ఎవరికి కావాలి? కాస్త చల్లబడిందా, వాడి ఏడు తరాలూ గుర్తుకొస్తాయి. మా సల్చెని ఊళ్లో పంతెలెయ్ గీస్కా బతుకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఇలాగే గడిచింది. అక్టోబరులో ఆయన్ని తిట్టనివాడు లేడు, నవంబరులో తలుచుకున్నవాడు లేడు. ఆయన మాత్రం తిరిగి ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. పొట్టి మనిషి, మెడ కనబడదు, నడుస్తుంటే బీరువా కదిలొచ్చినట్టు ఉంటుంది. మాట్లాడాల్సి వస్తే ముందు టోపీ తీసి, లోపల ఏమైనా రాసి ఉందేమో అన్నట్టు చూసుకుని, అప్పుడు నోరు విప్పుతాడు.

పని నేర్పినవాడు హరలంపియె అని ఒక ముసలాయన. బొగ్గు కాలంనాటి మనిషి. నేర్పడమంటే ఏముంది, తిట్టడమే. అయితే ఆ తిట్ల మధ్య రెండు ముక్కలు పంతెలెయ్ బుర్రలో మేకుల్లా దిగిపోయాయి. "నీళ్లు ముందురా, నిప్పు తర్వాత" అన్నది ఒకటి. "వేడెక్కిన ఇనుముకి చన్నీళ్లు చూపించావో, దాని చావు నీ చేతుల్లోనే" అన్నది రెండోది. బొగ్గు పోయి గ్యాసొచ్చింది, హరలంపియె పోయాడు, ఆ రెండు ముక్కలూ మిగిలాయి.

బాయిలర్ కూడా పాతదే. తలుపంత పోత ఇనుప పలకలు పదకొండు, పక్కపక్కన నిలబెట్టి బిగించిన దిమ్మ. వాటిని పోసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది, ఇప్పుడా స్థలంలో ఫర్నిచర్ అమ్ముతున్నారు. ఒక్క పలక పగిలినా తెచ్చి వెయ్యడానికి ఇంకోటి లేదు. ఆ దిమ్మ మీద ఆధారపడ్డవి రెండు భవనాలు. ఒకటి అయిదంతస్తుల ఇళ్ల సముదాయం. రెండోది మా ప్రసూతి ఆసుపత్రి.

ఆ ఏడు అందరి భయమూ ఆసుపత్రి గురించే. ఏడాదికి తొంభై కాన్పులు కూడా లేని ఆసుపత్రి దండగ అని రాజధానిలో ఎవరో తేల్చారు. అక్టోబరు ఇరవై నాలుగున కమిషన్ వస్తుందని ఉత్తరం వచ్చింది. గదులు వెచ్చగా, శుభ్రంగా ఉంటే ఉంచుతారు. లేదంటే తాళం వేసి, కాన్పులన్నీ యాభై కిలోమీటర్ల అవతలి పెద్ద ఊరికి మారుస్తారు. మంచు పడితే ఆ దారిలో బస్సులే ఆగిపోతాయి, ఇక నొప్పులు పడుతున్న మనిషిని తీసుకెళ్లడం దేవుడెరుగు.

సరిగ్గా అదే వారం పంతెలెయ్ కూతురు ఔరికా ఆ ఆసుపత్రిలోనే ప్రసవించింది. పెళ్లయిన పదకొండేళ్లకి, ముప్పై ఏడేళ్ల వయసులో, నెలలు నిండడానికి మూడు వారాల ముందు. ఆడపిల్ల. రెండు కిలోల మూడొందల గ్రాములు. మా దగ్గర బాలింతల గదిలోకి బయటివాళ్లని రానివ్వరు. కింద నిలబడాలి, పై కిటికీలోంచి అద్దం వెనక బిడ్డని చూపిస్తారు. పంతెలెయ్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ అరగంట నిలబడి, గుడ్డల మూటలోంచి బొటనవేలంత ముక్కు ఒకటి చూసి, "వాళ్ల అమ్మమ్మ ముక్కే" అనుకుంటూ ఇంటికొచ్చాడు.

వరసగా మూడు రోజులు బయట వేడి ఎనిమిది డిగ్రీలు దాటకపోతేనే మా మున్సిపాలిటీ బాయిలర్ వెలిగించమంటుంది. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కాసిందంటే మళ్లీ ఒకటి నుంచి లెక్క. మనుషులు వణికి చస్తున్నా సరే, కాగితం మీద ముద్ర పడాలి. ఆ ముద్ర ఇరవై రెండో తారీకు సాయంత్రం పడింది. అంటే కమిషన్ రావడానికి ముందు పంతెలెయ్‌కి మిగిలింది ఒకే ఒక్క రోజు.

ఆ సాయంత్రం ఆయన ఏటా చేసే పనే చేశాడు. అయిదంతస్తులూ ఎక్కి గడపగడపకీ వెళ్లాడు. సంగతేమిటంటే, మా ఇళ్లలో కుళాయిలోంచి వేడినీళ్లు రావడం ఆగి ముప్పై ఏళ్లయింది. మా ఆడవాళ్లు ఊరుకునే రకమా? ప్రతి వంటింట్లోనూ రేడియేటర్ అడుగున బుల్లి కుళాయి ఒకటి అతికించుకున్నారు. వేడి మొదలైన రోజు అందరికీ పండగే. బకెట్ల మీద బకెట్లు తోడడం, నేలలు కడగడం, తివాచీలు ఉతకడం. గొట్టాల్లో ఉండాల్సిన నీళ్లు అలా మురుక్కాలవలో కలుస్తాయి.

"అక్కా, మూడు రోజులు చుక్క కూడా తోడకు. నీకు దణ్ణం పెడతా" అన్నాడు రెండో అంతస్తు ఫియోదోరాతో.

"అయ్యో దేవుడా! నేనెప్పుడు తోడాను బాబూ?"

"పోయినేడు నీ తివాచీ దేంతో ఉతికావు? కన్నీళ్లతోనా?"

"నీ కళ్లు పడే ఆ తివాచీ వెలిసిపోయింది" అందామె. అన్నా, ఒట్టు మాత్రం వేసింది. ఎదురింటావిడ వేసింది. ఆసుపత్రి సంగతి తెలిసి అందరూ వేశారు, ఆ ఏడు నిజంగా నిలబెట్టుకున్నారు కూడా. ఆసుపత్రికి మాత్రం పంతెలెయ్ వెళ్లలేదు. అక్కడున్నది మనవాళ్లే, వాళ్లకి కూడా చెప్పాలా అనుకున్నాడు.

మర్నాడు ఆరింటికే బాయిలర్ గది తలుపూ కిటికీ బార్లా తెరిచాడు. నీళ్లు కింది నుంచి నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే గాలి మధ్యలో చిక్కుకుంటుంది, ఆ తర్వాత దాన్ని దేవుడు కూడా బయటికి లాగలేడు. అయిదో అంతస్తులో గాలి వదిలే వాల్వు దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. గాలంతా పోయి నీళ్లు చిమ్మగానే వాల్వు బిగించి, గొట్టం మీద చెంచాతో మూడు దెబ్బలు కొట్టాలి. మా ఊళ్లో అదే టెలిఫోను. ఎనిమిదిన్నరకి టంగ్, టంగ్, టంగ్ అని వినిపించింది. పంతెలెయ్ చూశాడు, నీళ్ల ఒత్తిడి చూపే గేజి ముల్లు ఎర్రగీత దగ్గర నిలిచింది. పంపు వేసి, దాని మీద చెయ్యి పెట్టి, వణుకు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు.

తర్వాత గ్యాసు. అతుకు అతుక్కీ సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూశాడు. లేవలేదు. న్యూస్‌పేపర్ ముక్క చించి పొగగొట్టం మూత దగ్గర పట్టుకుంటే అది చక్కగా లోపలికి వంగింది. పొగగొట్టం లాగుతోందన్నమాట. ఫ్యాను పెట్టి పది నిమిషాలు పొయ్యి లోపలి గాలంతా బయటికి తోశాడు. అప్పుడు వెలిగిస్తే మంట ఒక్కసారి తొంగిచూసి ఆరిపోయింది. ఇంకొకడైతే వెంటనే మళ్లీ నొక్కేవాడు, పొయ్యిలో మిగిలిన గ్యాసుకి గోడతో సహా ఎగిరిపోయేవాడు. పంతెలెయ్ గ్యాసు కట్టేసి, మళ్లీ పది నిమిషాలు ఫ్యాను పెట్టాడు.

ఈలోగా బొత్నారి ఫోను. ఊళ్లోని బాయిలర్లన్నిటికీ పెద్ద ఆయనే. పంతెలెయ్ కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

"ఏంటి మామా, ఇంకా వెలిగించలేదా?"

"వెలిగిస్తా."

"ఆసుపత్రి డాక్టరమ్మ నా ప్రాణం తోడేస్తోంది!"

"నీ ప్రాణం తోడనీ. పొయ్యిలో గ్యాసు ముందు పోనీ."

రెండోసారి మంట నిలబడింది. చిన్న మంట మీదే పెట్టి గంటన్నర అలా వదిలేశాడు. చల్లటి ఇనుము మొదట చెమట పడుతుంది. ఆ చెమట ఆరేదాకా మంట పెంచకూడదు. పదకొండింటికి ఔరికా ఫోను చేసింది.

"నాన్నా! రేడియేటర్ గలగలమంటోంది! చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది!"

"సాయంత్రానికి నువ్వే కిటికీ తీస్తావు చూడు. పిల్లేం చేస్తోంది?"

"నిద్రపోతోంది. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే."

పంతెలెయ్ స్టూలు మీద కూర్చుని రొట్టె, గొర్రెపాల జున్ను విప్పాడు. మంచి రోజు అనుకున్నాడు. అనుకోవడమే తడవు.

పన్నెండు కొట్టేసరికి ముల్లు కదిలింది. కిందికి. గేజి మీద గోటితో తట్టాడు. ఇంకా దిగింది. పది నిమిషాలకి పంపు గొంతు మారింది. నీళ్లతో పాటు గాలి మింగి కీచుమని అరిచింది. గొట్టాల్లో నీళ్లు కదలడం మానేశాయి. కదలని నీళ్లు బాయిలర్‌లోనే ఉడికాయి. వేడి తొంభై ఆరుకి పోయింది, కాపలా మీట టక్కున పడి మంట ఆరిపోయింది. పంతెలెయ్ గ్యాసు కట్టేసి, బయటికొచ్చి ఆసుపత్రి వైపు పరిగెత్తాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, టోపీ కూడా లేకుండా.

కింది అంతస్తు వరండాలో తాస్యా నేల తుడుస్తోంది. ఆసుపత్రిలో శుభ్రం పని ఆమెదే. పక్కన రేడియేటర్ బుల్లి కుళాయి దగ్గర రెండు బకెట్లు, రెండిట్లోనూ ఆవిరి.

"తాస్యా! ఎన్ని తోడావు?"

"ఏవి మామయ్యా?"

"బకెట్లు! బకెట్లే, నీ తల్లి!"

ఆమె బెదిరిపోయి కర్ర పట్టుకుని నిలబడింది. "నేను లెక్కపెట్టలేదు. పైనా, కిందా, మెట్లూ, కాన్పుల గదీ. నలభై ఉంటాయేమో. మామయ్యా, రేపు కమిషన్ కదా. చన్నీళ్లతో ఆ జిడ్డు పోతుందా? చూడు, అద్దంలా ఉంది. వాళ్లు మొహం చూసుకోవచ్చు."

నిజంగానే అద్దంలా ఉంది. "నాకొక్క మాట చెప్పొద్దుటే?" అన్నాడు.

"నువ్వు నాకు చెప్పావా?" అంది తాస్యా. ఆ మాటలో పొగరు లేదు. నిజంగానే అడిగింది.

పంతెలెయ్ తిరిగొచ్చి బాయిలర్ ముందు నిలబడ్డాడు. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, అదేమిటంటే ఏమీ చెయ్యకపోవడం. ఇనుము నలభైకి దిగాలి. అప్పుడు నీళ్లు పట్టాలి, గాలి వదలాలి, మళ్లీ మొదటి నుంచి అంతా. తక్కువలో తక్కువ ఎనిమిది గంటలు. త్వరగా చల్లార్చడానికి పొయ్యి తలుపు తీద్దామంటే అదీ ప్రమాదమే, చల్లగాలి తగిలినా పలకలు చీలుతాయి. ఊదడానికి లేదు, విసరడానికి లేదు. కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్న మనిషి కట్టేసినట్టు నిలబడిపోవాలి.

బొత్నారి స్వయంగా వచ్చాడు. మెడకి మఫ్లరు, చేతిలో రెండు ఫోన్లు.

"నీళ్లు పట్టు మామా."

"పట్టను."

"ఇది నా ఆర్డరు."

"నాకిస్తావు సరే. ఇనుముకి ఎవరిస్తారు ఆర్డరు?"

"నాలుగింటికి డాక్టరమ్మ గదుల వేడి కొలిచి పైకి పంపాలి. ఇరవై డిగ్రీలు లేకపోతే రేపు కమిషన్ రాదు, ఇవాళే అంబులెన్స్ వస్తుంది. తల్లుల్నీ పిల్లల్నీ ఎక్కించుకుపోతారు. ఒకసారి ఎక్కించుకుపోయాక మళ్లీ దింపుతారా? నువ్వు అంతసేపు ఆగితే ఆసుపత్రి పోయినట్టే."

"ఇప్పుడు పడితే బాయిలర్ పోయినట్టే. అప్పుడు మాత్రం ఆసుపత్రి ఉంటుందా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొత్నారికీ అది అర్థమైంది, అందుకే గొంతు తగ్గించాడు. "కాస్త కాస్తగా పడితే? దారంలాగా?"

"దారమైనా చన్నీళ్లే."

"సరే. నీ ఇష్టం. నా పిల్ల కాదు అక్కడున్నది, నీ మనవరాలే" అని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ అనాల్సిన మాటేనా అది?

ఒంటిగంటకి తొంభై ఒకటి. ఒకటిన్నరకి ఎనభై ఏడు. పంతెలెయ్ కూర్చోలేక నిలబడ్డాడు, నిలబడలేక తిరిగాడు. ఆసుపత్రిది మూరెడు మందం రాతి గోడ, నెల రోజుల చలి తాగి ఉంది. ఉదయం ఎక్కిన కాస్త వేడినీ అది మింగేసి ఉంటుంది. కరెంటు హీటర్లు రెండు పెడితే ఫ్యూజు పోతుంది, అది ఊరందరికీ తెలుసు. రెండింటికి ఫోను మోగింది.

"నాన్నా." ఔరికా ఏడుస్తోంది. "పాలు తాగట్లేదు నాన్నా. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు సీసాల్లో వేడినీళ్లు పోసి అటూ ఇటూ పెట్టింది. అవి కూడా ఆరిపోతున్నాయి. నా దుప్పటి కూడా దానికే కప్పాను."

"గుండెలకి ఆనించుకోమ్మా. బట్ట లోపల పెట్టుకో, ఒంటికి ఒళ్లు తగలాలి."

"పెట్టుకున్నాను. నా ఒళ్లే చల్లగా ఉంది. ఏదో ఒకటి చెయ్యి నాన్నా. నీకు తెలియందా."

"ఇనుము చల్లారాలమ్మా."

"ఇంకా చల్లారడమేంటి నాన్నా? ఇక్కడ అన్నీ చల్లారిపోయాయి!"

ఫోను జేబులో పెట్టుకున్నాడు. వేడి చూపే ముల్లు చూశాడు. ఎనభై నాలుగు. ఆ అంకె అర్థం ఏమిటో ఈ ఊళ్లో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా కాళ్లు నీళ్ల వాల్వు దగ్గరికి నడిచాయి. ఇరవై తొమ్మిదేళ్లలో ఎంతమంది మీద అరిచాడు ఆ వాల్వు ముట్టుకోవద్దని! కుర్ర ఇంజనీర్ల మీద, మేయర్ మీద, సొంత అల్లుడి మీద కూడా. ఇప్పుడు ఆ వాల్వు మీద ఉన్నది ఆయన చెయ్యే. వెంట్రుకవాసి తిప్పాడు.

సన్నగా సుయ్‌మంది. చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ కాలేదు. ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఒత్తిడి ముల్లు ఒక్క గీత పైకి లేచింది. ఒకవేళ ఆ ముసలాడు హరలంపియె ఊరికే భయపెట్టాడేమో అని మొదటిసారి అనిపించింది ఆయనకి. ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు. అయిదు నిమిషాలు. దేవుడి దయ అనుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి ఠక్కుమంది.

పెద్ద చప్పుడేం కాదు. అక్రోటుకాయ పగలగొట్టినంత. పక్క గదిలో ఉన్నవాడికి వినబడదు కూడా. తర్వాత పొయ్యి అడుగున చుక్క పడిన శబ్దం, ఇంకో చుక్క, ఆపైన ధార. ఏడో పలక, పైనుంచి కిందికి. పంతెలెయ్ నీళ్లు కట్టాడు, పంపు ఆపాడు, గ్యాసు పెద్ద వాల్వు బిగించాడు, తాళం వేశాడు. అన్నీ ఒక వరసలో, పద్ధతిగా, ఒక్కటీ తప్పకుండా. తర్వాత గోడకి ఆనుకుని పసివాడిలా ఏడ్చాడు.

నాలుగున్నరకి అంబులెన్సులు రెండొచ్చాయి. ముగ్గురు బాలింతలు. ఔరికాని చక్రాల కుర్చీలో తెస్తుంటే పంతెలెయ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనే పగలగొట్టానమ్మా. ఆగాల్సింది. ఆగలేదు."

ఔరికా ఆయన వంక చూసింది. "నేను ఫోను చెయ్యకపోతే ఆగేవాడివి" అంది. ఆయన్ని ఓదార్చబోయి అన్న మాట. కానీ అంటుండగానే ఆమె మొహం మారిపోయింది. అంబులెన్స్ తలుపు వేసేశారు. వ్యానులో హీటరు బాగా పనిచేస్తోందట. ఊరి పొలిమేర దాటకముందే పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయనీ, గుక్కపట్టి పాలు తాగిందనీ తర్వాత నర్సు చెప్పింది. వ్యానులో అంత వెచ్చగా ఉంటుందని రెండింటికే తెలిసుంటే ఆయన చేతులు కట్టుకుని కూర్చునేవాడు. కానీ ఎవరికి తెలుసు?

కమిషన్ వారం తర్వాత వచ్చింది. ముగ్గురు మనుషులు, మంచి బూట్లు. పంతెలెయ్ టోపీ తీసి, "నీళ్ల వాల్వు తిప్పింది నేను. ఎనభై నాలుగు దగ్గర తిప్పాను. రాసుకోండి" అన్నాడు.

వాళ్లలో పెద్దాయన బాయిలర్ మీద చెయ్యి వేసి నవ్వాడు. "నాన్నగారూ, ఇది నాకంటే పెద్దది. దీని ఆయుష్షు తీరింది, పోయింది. మీ తప్పేం లేదు."

"తప్పు నాది. పగుల్లేని ఇనుము ఇది. నేను..."

"మామా, ఊరుకో" అని బొత్నారి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ముసలిదై పోయిందంటే ఎవరికీ ఏం కాదు. నువ్వు తిప్పావంటే నీకూ ముప్పు, నాకూ ముప్పు. ఆసుపత్రి ఎలాగూ తిరిగి రాదు." కాగితంలో పంతెలెయ్ పేరే లేదు. అయిదంతస్తుల్లోనూ చలికి వణుకుతున్నా, ఊరి జనం కూడా ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఫియోదోరా అయితే అన్నం కూరి వండిన క్యాబేజీ చుట్టలు గిన్నెతో తెచ్చిపెట్టి, "పాపం, నువ్వు మాత్రం ఏం చేస్తావు బాబూ" అంది. తిట్టినా బాగుండేది. తిట్లు ఆయనకి అలవాటే.

నవంబరు మధ్యలో పిల్ల పేరు రాయించడానికి మున్సిపాలిటీకి వెళ్లాడు. ఔరికా ఇంకా లేవలేకపోతోంది, అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. రిజిస్ట్రారు అమ్మాయి పెద్ద పుస్తకం తెరిచి, పేరు ఇలియానా అని రాసింది. పుట్టిన చోటు సల్చెని అని రాసింది. ఇంకు ఆరేదాకా పుస్తకం మీద చేత్తో విసురుతూ మాట కలిపింది.

"వచ్చే వారం నుంచి పుట్టుకలన్నీ అక్కడే రాస్తారట మామయ్యా, పెద్ద ఊళ్లో. మా దగ్గర పెళ్లిళ్లూ, చావులే. ఈ పుస్తకంలో మీ మనవరాలే ఆఖరు."

ఆ అమ్మాయి కాగితం మీద ముద్ర గుద్ది, లేచి నిలబడి, అందరికీ చెప్పినట్టే "అభినందనలు మామయ్యా, నూరేళ్లు బతకాలి" అంటూ నవ్వుతూ చెయ్యి చాపింది. ఆమె పాపం అలా చాపుకునే నిలబడింది. ఆ చెయ్యి అందుకోవడానికి ఆయనకి చెయ్యి రాలేదు.